మిగిలిన మూడు మాటలు

జూన్ 2, మంగళవారం

బావ ఈరోజు కూడా "అదే" అన్నాడు. మంచినీళ్ళు కావాలా అంటే అదే. నొప్పిగా ఉందా అంటే అదే. అక్క పేరు చెప్పమని డాక్టరు అడిగితే పెదవులు కూడదీసుకుని, నుదురంతా చెమటపట్టి, పెద్ద బరువేదో ఎత్తుతున్నవాడిలా కష్టపడి, చివరికి "అదే" అన్నాడు. తరవాత తనకే నచ్చనట్టు తల తిప్పుకున్నాడు.

కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి. మాట పోవడమే నాకు మింగుడుపడడం లేదు. కెమెరాలు బాగుచేసే మనిషి. లెన్సు తుడిపించుకుందామని కొట్లోకి వచ్చినవాడిని కూడా కబుర్లతో కట్టిపడేసేవాడు. "మీ బావ నోటికి సెలవిస్తే వీధంతా నిద్రపోతుంది" అనేది అమ్మ.

మాటలు నేర్పించే ఆవిడ వచ్చింది. వార్డులో అందరూ ఆవిడని మాటల టీచరంటున్నారు. చిన్న మనిషి, పెద్ద సంచి. బావకి ఎదురుగా కుర్చీ జరుపుకుని, తొందరలేకుండా మాట్లాడింది. బయటికొచ్చాక మాతో చెప్పింది.

"ఆయనకి మనం అనేదంతా అర్థమవుతోందమ్మా. తిరిగి చెప్పే దారే మూసుకుపోయింది. అది తెరుచుకుంటే ఈ మొదటి నెలల్లోనే తెరుచుకోవాలి. ముందు ఇంట్లో వాడుకున్న మాటలే వస్తాయి. పరీక్ష పెట్టినట్టు అడగకండి, అలిసిపోతారు. ముఖ్యంగా, ఆయన ముందు ఆయన లేనట్టు మాట్లాడుకోకండి."

అక్క తల ఊపింది. టీచరు మెట్లు దిగగానే నా మోచెయ్యి పట్టుకుని, "మీ బావ కాయిన్ల సంగతి నీకేమైనా తెలుసా?" అంది.

జూన్ 3, బుధవారం

అక్కతో కలిసి కొట్టుకి వెళ్ళాను. గల్లాబల్ల మీద పాత స్టిక్కరు అలాగే ఉంది. "కాయిన్లు కూడా తీసుకోబడును." దాని కింద నలుపు తెలుపు గళ్ళ చతురస్రం. ఏళ్ళ కిందట ఒక ఫొటోగ్రాఫరు, చేతిలో డబ్బుల్లేవు, ఇంటర్నెట్లో నడిచే కాయిన్లు పంపిస్తానంటే బావ సరదాపడి సరేనన్నాడు. తరవాత మరికొందరు. "కనపడని డబ్బు, కనపడని జేబు, ఇక దొంగకేం కనపడుతుంది" అని నవ్వేవాడు.

స్టిక్కరు ఫొటో తీసి అందులో ఉన్న అడ్రసు బయటికి లాగాను. పాత ఉద్యోగంలో నేను చేసింది ఈ బ్లాక్‌చైన్ పనే, దానికి వాడే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఇంకా నా లాప్‌టాప్‌లో ఉంది. చైనుకి, అంటే కాయిన్ల లెక్కంతా ఉండే ఉమ్మడి చిట్టాకి, కనెక్ట్ కావడానికి ఒక వరస కోడ్, ఈ అడ్రసులో ఎంత ఉందని అడగడానికి ఒక వరస, జవాబు చూపించడానికి ఒకటి. అంతే ప్రోగ్రాము. జవాబు రెప్పపాటులో వచ్చింది. సున్నాలు ఎక్కడో తప్పుపడ్డాయనుకుని మళ్ళీ నడిపాను. తప్పు లేదు.

"అంటే ఎంత?" అంది అక్క నా భుజం మీదుగా వంగి.

చెప్పాను. ఆసుపత్రి ఖర్చు, ఇల్లు, ఆ ఇంటికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు కూడా. అక్క బావ కుర్చీలో కూర్చుండిపోయింది.

"మరి తియ్యి."

"అది చూడ్డానికి ఎవరికైనా కనపడుతుందక్కా. అద్దాల బీరువా లాంటిది. తియ్యాలంటే తాళంచెవి కావాలి. పన్నెండు ఇంగ్లీషు మాటలు, సరైన వరసలో. అవి చెప్తే లైబ్రరీ తాళంచెవిని తయారుచేస్తుంది."

"ఆ మాటలు ఎక్కడున్నాయి?"

"బావ బుర్రలో."

అక్క ముఖంలో ఏదో కదిలింది. నాకు నచ్చలేదు. అయినా ఇదంతా బావ వైద్యం కోసమే కదా.

జూన్ 5, శుక్రవారం

వకీలు దిగాడు. బావకి సొంత అన్న. తమ్ముడు పడిపోయాడని ఫోన్ చేసిన రోజున కోర్టులో వాయిదా ఉందన్నాడు. ఇప్పుడు అక్క కాయిన్ల మాట ఎత్తినట్టుంది, పొద్దున్నే ద్రాక్షపళ్ళ సంచితో గుమ్మంలో ఉన్నాడు. బెల్లం ఎక్కడుందో ఈగకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తమ్ముడి పాదాల దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కళ్ళతోనే నా లాప్‌టాప్ సంచిని చూశాడు.

జూన్ 6, శనివారం

అక్కకి గుర్తొచ్చింది. పొద్దున్నే స్టీలు కప్పు చేతిలో పట్టుకుని ఆసుపత్రి వరండాలో నిలబడి ఒక్కసారిగా నవ్వింది, తరవాత నోరు మూసుకుంది.

"గడ్డం గీసుకుంటూ పాడేవారే. రోజూ. పిచ్చి పాట. మాటలన్నీ ఇంగ్లీషువే."

పాడింది కూడా. బావ గొంతులా సాగదీస్తూ.

డాంకీ మీద అంకులెక్కి
వెడ్డింగుకు బయల్దేరె,
మంకీ చేతిలో ట్రంపెట్టు,
మెడలో ఆనియన్ హారం,
డాక్టరొచ్చి టికెట్టడిగితే
లాడరెక్కి పారిపోయె...

"తరవాత?"

"తరవాత కుళాయి తిప్పేవారు. నీళ్ళ చప్పుడులో ఏం పాడేవారో నేనెప్పుడూ వినలేదు. ఎవరు వింటారే రోజూ ఆ గోల?"

ఈ తాళంచెవి మాటలకి ఒక ఖాయమైన పట్టిక ఉంటుంది, ప్రపంచమంతటికీ ఒకటే, అందులో వెతికాను. డాంకీ ఉంది. అంకుల్ ఉంది. తొమ్మిదీ ఉన్నాయి. పిచ్చి పాటే తాళంచెవి. ఎక్కడా రాసిపెట్టుకోకుండా నోట్లో దాచుకున్నాడు. ఆ నోరే పోయింది.

మూడు మాటలు తక్కువ. పట్టికలో ఉన్న ప్రతి మాటనీ మూడు చోట్లా పెట్టి చూసే ప్రోగ్రాము రాశాను. లైబ్రరీ ఒక్కో వరసకి అడ్రసు తయారుచేస్తుంది, అది స్టిక్కరు మీది అడ్రసుతో కలిస్తే ఆగుతుంది. నడిపించాను. నడుస్తోంది.

"ఎంతసేపు?" అన్నాడు వకీలు.

"ఈ మిషన్ మీద నెలలు పట్టొచ్చు."

"నెలలైతే ఆ ధర ఉంటుందో పోతుందో. త్వరగా అయ్యే మార్గం లేదా అమ్మాయ్?"

ఉంది. చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పుడు ఎంత ఆలోచించినా అందడం లేదు. అడిగితే జవాబు చెప్పడం నాకు అలవాటు.

"మూడింటిలో ఒక్క మాట తెలిసినా చాలు. ఒక్క పూటలో అయిపోతుంది."

ముగ్గురం ఒకేసారి వార్డు తలుపు వైపు చూశాం.

జూన్ 8, సోమవారం

టీచరు బొమ్మల కార్డులు తెస్తుంది. కప్పు, దువ్వెన, చెప్పులు, తలుపు. బావ కప్పు బొమ్మని చాలాసేపు చూసి "క" అన్నాడు. ఇన్నాళ్ళలో "అదే" కానిది అదొక్కటే. టీచరు ఆయన ఎడమచెయ్యి నొక్కి, "చాలండి, ఇవాళ్టికి ఇదే పెద్ద పని" అంది.

ఆవిడ వెళ్ళాక వకీలు వరండాలోకి పిలిచాడు.

"ఇలాంటి కార్డులే మనమూ చేస్తే? నీ పట్టికలోంచి?"

"ఇంగ్లీషు మాటలు ఇప్పుడు వద్దందిగా ఆవిడ."

"ఆవిడ జీతానికి పనిచేసే మనిషి. వాడు నా రక్తం. కార్డు చూపిస్తే పోయేదేముంది? అదీ అభ్యాసమేగా?"

అక్క నావైపు చూసింది. "వేలకి వేలు పోస్తున్నానే ఇక్కడ. ఎక్కణ్ణించి తేను?"

అది నిజం. నిజమే కాబట్టి సరేనన్నాను.

జూన్ 9, మంగళవారం

బొమ్మ గీయడానికి వీలున్న మాటలు ఏరాను. అచ్చు వేయించాను. బావ మంచం పక్కనే కూర్చుని కత్తెరతో కోశాను. అభ్యాసమే.

జూన్ 11, గురువారం

వకీలు కార్డులు పంచే పద్ధతి. బొటనవేలు నాలుకకి అద్దుకుంటాడు. తడివేలితో కార్డు తీస్తాడు. బావ ముఖం ముందు ఊపుతాడు. బావ చూడకపోతే అదే తడివేలితో ఆయన గడ్డం పట్టుకుని తిప్పుతాడు.

"ఒరేయ్, ఇటు చూడు. ఇదేంటి? ఇది ఉందా నీ పాటలో? లేదా? ఇది?"

"అదే."

"ఏది? ఇదేనా?"

"అదే. అదే. అదే."

చూసిన కార్డుల్ని దుప్పటి మీద పడేస్తూ పోయాడు. బావ ఒళ్ళంతా కార్డులు. పులి, తాబేలు, పడవ, వంతెన. బావ ఎడమచేత్తో వాటిని తోసెయ్యాలని చూశాడు, చెయ్యి సగంలో ఆగిపోయింది. ఏడ్చాడు. ముఖంలో ఒకవైపే ఏడ్చింది.

వకీలు తెచ్చిన ద్రాక్షలు కిటికీలో సంచిలోనే కుళ్ళాయి. ఎవరూ తినలేదు, ఎవరూ పారెయ్యలేదు. అడుగున రసం కారి చీమలు పట్టాయి. నేను పారేశాను. ఎన్నిసార్లు కడిగినా చేతికి ఆ పులిసిన వాసన పోలేదు.

జూన్ 12, శుక్రవారం

టీచరు అడిగింది, "ఆయన్ని ఎవరైనా శ్రమపెడుతున్నారా? కార్డు చూస్తేనే కళ్ళు మూసుకుంటున్నారు."

"లేదండీ" అన్నాను.

జూన్ 15, సోమవారం

ఈరోజు జరిగింది రాయాలి. ఎలా జరిగిందో అలాగే రాయాలి.

మధ్యాహ్నం నుంచి వాన. టీచరు పాఠం ముగించి సంచి సర్దుకుంది. వకీలు, అక్క, నేను గోడవారగా, ఎప్పుడు వెళ్తుందా అని నిలబడి ఉన్నాం. ఆవిడ తలుపు దాకా వెళ్ళింది. బావ కిటికీ వైపు చూశాడు, ఆవిడ చేతుల వైపు చూశాడు. మంచం కడ్డీ మీద ఎడమచేత్తో కొట్టాడు. ఆవిడ ఆగింది.

"గొ," అన్నాడు. మళ్ళీ కొట్టాడు. "గొడుగు."

స్పష్టంగా. బావ గొంతుతో. కుర్చీ వెనకాల ఆవిడ మరచిపోయిన గొడుగు వేలాడుతోంది.

వకీలు నా భుజం పట్టి కుదిపాడు.

"గొడుగు ఉందా? పట్టికలో గొడుగు ఉందా?"

ఉంది. అంబ్రెల్లా. అప్పటికే సంచి తెరుస్తున్నాను. ముగ్గురం వరండాలోకి పరిగెత్తాం. బెంచీ మీద లాప్‌టాప్ పెట్టి, ఆ మాటని మూడు చోట్లలో మార్చి మార్చి పెట్టేలా ప్రోగ్రాము దిద్ది నడిపించాను. అక్క నా జడ మీద చెయ్యి వేసి నిమురుతోంది, చిన్నప్పుడు పరీక్షల ముందు చేసినట్టు.

వార్డులోంచి టీచరు గొంతు వినపడింది. "వినండమ్మా, ఆయన మాట్లాడారు. మొదటి మాట మాట్లాడారు. ఎక్కడున్నారు మీరంతా?"

ఎవరమూ వెళ్ళలేదు.

సాయంత్రానికి ప్రోగ్రాము ముగిసింది. కలవలేదు. అది పాటలో మాట కాదు. వానలో తడుస్తుందని ఒక మనిషికి చెప్పిన మాట.

జూన్ 16, మంగళవారం

నాకు నా ముఖం చూసుకోవాలనిపించడం లేదు.

జూన్ 18, గురువారం

వకీలు తీర్పు చెప్పేశాడు. వాడు నాటకాలాడుతున్నాడు, పరాయి మనిషితో మాట్లాడేవాడు మనతో ఎందుకు మాట్లాడడు, అని. తమ్ముడి మంచం పక్కనే నిలబడి, తమ్ముడికి వినపడేలా.

మధ్యాహ్నం అక్క జావ తాగిస్తోంది. చెంచా నోటిదాకా తీసుకెళ్ళింది. బావ నోరు తెరిచాడు. అక్క చెంచా ఆపింది.

"ఏమండీ, ఒక్కటి చెప్పండి. లాడరెక్కి పారిపోయాక ఏమైంది? ఒక్కటే మాట."

బావ నోరు తెరుచుకునే ఉంది. మొదట చెంచాని, తరవాత అక్కని చూశాడు. పెదవి మూల నుంచి ఉమ్మి కారింది. అక్క కొంగుతో తుడిచింది, ఎంతో జాగ్రత్తగా, మెత్తగా తుడిచింది. చెంచా మాత్రం ఇంకా గాలిలోనే ఉంది.

"చెప్తే మీకే కదండీ మంచిది."

"అక్కా, పెట్టెయ్" అన్నాను.

"నువ్వుండవే."

జావ చల్లారింది. బావ నోరు మూసుకున్నాడు, తరవాత పెట్టబోయినా తెరవలేదు.

వరండాలోకొచ్చి వాంతి చేసుకున్నాను. అక్క మీద అసహ్యం, వకీలు మీద అసహ్యం. చెంచా లాక్కోకుండా నిలబడ్డ నా రెండు చేతుల మీదా అసహ్యం.

జూన్ 19, శుక్రవారం

టీచరుతో అంతా చెప్పేశాను. అంతా అంటే, వకీలు కార్డులు చూపిస్తున్నాడని, అక్క జావ ఆపిందని. కార్డులు ఎవరు చేశారని ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు.

ఆవిడ తన బొమ్మల కార్డులన్నీ సంచి అడుక్కి తోసేసింది. "ఆయన ఎప్పుడూ చేసే పని తాలూకు వస్తువు ఏదైనా తెండి. అడగొద్దు. చేతిలో పెట్టండి చాలు" అంది. బయటివాళ్ళు వచ్చే వేళలు తగ్గించమని డాక్టరుకి కూడా చెప్పింది. వకీలు గేటు దగ్గర చట్టం చదివి వినిపించాడట. కాపలా మనిషి వినిపించుకోలేదట. ఈ నెలలో నేను నవ్విందల్లా అప్పుడే.

జూన్ 22, సోమవారం

కొట్లోంచి పాత కెమెరా ఒకటి తెచ్చాను, సగం విప్పి ఉన్నది. అక్క మందుల కొట్టుకి వెళ్ళింది. బావ, నేనే ఉన్నాం.

ఒళ్ళో పెట్టగానే ఆయన భుజాలు మారిపోయాయి. ఎడమచేత్తోనే తిప్పాడు. మూత వేలితో లేపి లోపలికి ఊది చూశాడు. లెన్సు ఊడదీయమన్నట్టు నాకు సైగ చేశాడు, ఊడదీశాను. లోపల ఏటవాలుగా చిన్న అద్దం ఉంది, దుమ్ముపట్టి. చూపుడువేలు దాని మీద ఆనించీ ఆనించకుండా పెట్టాడు.

"అద్దం," అన్నాడు.

"అవును బావా, అద్దం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నా కళ్ళలోకి చూశాడు. వేలితో అద్దాన్ని తట్టాడు, ఆ వేలినే నా లాప్‌టాప్ సంచి వైపు చాపాడు. "అద్దం," అన్నాడు మళ్ళీ, నాకు బుర్ర తక్కువైనట్టు, ఒక్కో అక్షరం విడదీసి. తరవాత కెమెరా పక్కకి తోసేసి కళ్ళు మూసుకున్నాడు. ఇచ్చేశాను, ఇక వదిలెయ్యండి అన్నట్టుగా.

ఇంటికొచ్చి, పట్టికలో మిర్రర్ అనే మాట తీసుకుని నడిపించాను. వంటింట్లో గిన్నె కడుగుతుంటే లాప్‌టాప్ చిన్నగా మోగింది.

కలిసింది. పన్నెండు మాటలూ తెర మీద ఉన్నాయి. లాడరెక్కి పారిపోయినవాడు మిర్రర్‌లో తన ముఖం చూసుకుని ఏం చేశాడో, చివరి రెండు మాటలేంటో ఇక్కడ రాయను. నవ్వొచ్చే మాటలు. నవ్వు రాలేదు.

జూన్ 23, మంగళవారం

అక్కకి రేపు చెప్తాను.

జూన్ 24, బుధవారం

అక్క అలిసిపోయి ఉంది. రేపు.

జూన్ 26, శుక్రవారం

రేపు చెప్తాను అని రెండుసార్లు రాశాను. సరే, ఎందుకు చెప్పలేదో రాస్తాను. తాళంచెవి దొరికిన సాయంత్రమే నా వాటా ఎంతుండాలో లెక్కేశాను. పని నాది, ప్రోగ్రాము నాది, సెలవులు పెట్టి జీతం పోగొట్టుకున్నది నేను. ఇంత ఉంచుకుంటే ఎవరికీ తెలియదు, మొత్తం ఎంతుందో అక్కకి ఇప్పుడు సరిగా గుర్తుండదు అని కూడా అనుకున్నాను. పళ్ళు తోముకుంటూ అనుకున్నాను. ఏ తొందరా లేకుండా, మామూలుగా.

వకీలు కనీసం వేలు తడుపుకుని చేస్తాడు, ఎదుటివాళ్ళకి కనపడుతుంది.

జూన్ 29, సోమవారం

ఇన్నాళ్ళలో ఆయన్ని ఆయన డబ్బు ఏం చెయ్యాలని ఒక్కరూ అడగలేదు. మాటలు అడిగాం. ఈరోజు అడిగాను.

అవునంటే బొటనవేలు, కాదంటే పిడికిలి, టీచరు నేర్పింది. అక్క స్నానానికి ఇంటికెళ్ళిన వేళ తలుపు దగ్గరగా వేశాను.

"బావా, తెరుచుకుంది. నా దగ్గరుంది. వారం రోజులుగా ఉంది. నీ ఇష్టం ఏంటో చెప్పు. అలాగే వదిలెయ్యనా?"

పిడికిలి.

"మీ అన్నయ్యకా?"

పిడికిలి, మంచం కడ్డీకి తగిలేంత గట్టిగా.

"నీ పేరు మీదే, నీ వైద్యానికి, నేను చూసుకునేలా?"

కొంచెం ఆగాడు. నావైపు చూశాడు. పిడికిలి.

ఆ ఆగడంలో ఏముందో నాకు తెలుసు.

"అక్కకా?"

బొటనవేలు.

"బావా, అక్క నీ నోటి ముందు చెంచా ఆపింది."

బొటనవేలు అలాగే ఉంది. తెలుసు అన్నట్టు కళ్ళు ఆర్పాడు. నాకు ఒళ్ళు మండింది. క్షమించడం కూడా ఒక్కోసారి చూడ్డానికి జుగుప్సగా ఉంటుంది. ఆకలితో నోరు తెరిచిన మనిషి, ఆ తెరిచిన నోటిని చూస్తూ ఆగిన మనిషికే అంతా ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. కానీ డబ్బు ఆయనది.

అక్క మంచం పక్కన వదిలి వెళ్ళిన ఫోన్లో కొత్త అడ్రసు తయారుచేశాను. పంపే వరస రాశాను. లైబ్రరీ సంతకం చేసి సిద్ధంగా పెట్టింది. "ఒకసారి పంపితే వెనక్కి రాదు బావా" అన్నాను. ఆయన చూపుడువేలు చాపాడు. లాప్‌టాప్ ఒళ్ళోకి జరిపాను. ఆ మీట ఆయనే నొక్కాడు.

కాసేపటికి చైను ఒప్పుకుంది. పాత అడ్రసు అడిగితే సున్నా అంది.

జూలై 1, బుధవారం

అక్కకి చెప్పాను. మొదటి ప్రశ్న, "ఎన్ని రోజులు నీ దగ్గర పెట్టుకున్నావు?"

రెండో ప్రశ్న లేదు.

జూలై 6, సోమవారం

వకీలు ఉమ్మడి ఆస్తి అన్నాడు, నోటీసు అన్నాడు, కన్నతల్లి ఆత్మ అన్నాడు. అక్క ఏదో కొంత ఇచ్చి పంపించింది. ఎంతో నేను అడగలేదు. వెళ్ళేముందు తమ్ముడి నుదురు ముద్దుపెట్టుకుని, "త్వరగా కోలుకోరా" అన్నాడు. బావ ఎడమచేత్తో నుదురు తుడుచుకున్నాడు.

జూలై 14, మంగళవారం

కిటికీ ఉన్న గది, మెత్తటి పరుపు. టీచరు ఇప్పుడు రోజూ వస్తోంది. అక్క చెంచా నోటిదాకా తీసుకెళ్ళి, "ఇంకొక్కటి, నా బంగారం కదూ" అంటోంది. బావ తింటున్నాడు. అక్క కళ్ళలో ప్రేమే కనపడుతోంది. నిజమైనదేనేమో. ఎప్పుడూ ఉన్నదేనేమో, అవసరం కింద కొన్నాళ్ళు అణిగిపోయిందేమో. నేను చెంచానే చూస్తున్నాను. అది నోటి దగ్గర రవంత ఆలస్యమైతే నా చెయ్యి ముందుకి పోతోంది.

అక్క నాకు కొత్త లాప్‌టాప్ కొంటానంది. వద్దన్నాను. "ఏమైందే నీకు? అంతా నీవల్లే కదా బాగుపడింది" అంది.

జూలై 23, గురువారం

బావ ఇప్పుడు రెండు మాటలు కలుపుతున్నాడు. "నీళ్ళు ఇవ్వు." "లైటు వద్దు." "నర్సు మంచిది." మధ్యలో వెతుక్కుంటాడు, దొరికితే పిల్లాడిలా గర్వపడతాడు. టీచరు, అక్క చప్పట్లు కొడతారు. నేనూ కొట్టాను.

వాళ్ళిద్దరూ డాక్టరు గదిలోకి వెళ్ళారు. నేను దుప్పటి సరిచేస్తున్నాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"కార్డులు," అన్నాడు.

"టీచరు కార్డులా? తీసుకురానా?"

తల అడ్డంగా ఊపాడు. వెతుక్కున్నాడు. చెమట పట్టింది. నేను సాయం చెయ్యలేదు, ఏ మాట వెతుకుతున్నాడో తెలిసి కూడా.

"కార్డులు... నువ్వు... కోశావు."

మూడు మాటలు కలిపి ఆయన అన్న మొదటి వాక్యం అది.

వకీలు అడిగాడు, అక్క బతిమాలింది, డబ్బుల్లేవు, అభ్యాసమే అనుకున్నాను. అన్నీ నాలుక చివరనే ఉన్నాయి. నాకు మాటలకి లోటు లేదు.

"అవును బావా. నేనే కోశాను."

మణికట్టు వదిలేశాడు. కోపంగా కాదు. పని పూర్తయిన వస్తువుని కిందపెట్టినట్టు. కిటికీ వైపు తిరిగాడు.

జూలై 24, శుక్రవారం

వెళ్ళాను. బావ నావైపు చూడలేదు. కుర్చీ మంచానికి కాస్త దూరంగా జరుపుకుని కూర్చున్నాను.

"పొండి" అనే మాట ఆయనకి వచ్చేసింది. సోమవారం వకీలు ఫోన్ చేస్తే, అక్క స్పీకరు పెట్టగానే స్పష్టంగా అన్నాడు, నేను విన్నాను. అక్క స్నానానికి వెళ్ళింది, నర్సు వచ్చింది, వెళ్ళింది, ఎండ గోడ దిగి నేల మీదికొచ్చింది. ఆ మాట నాతో అంటాడని చూస్తూ ఉన్నాను. అనలేదు. ఉండమనీ అనలేదు.

కూర్చున్నాను.